రైతు ఓటు, సంఘపు ఓటు

ఎన్నికలు ముగిసిన పిదప మన ప్రాంతమున నెల దినములవరకు ఒకటే ప్రసంగము. జలంత్రకోట కూడలిలోని టీ దుకాణమున గాని, కంచిలి బజారున గాని, పలాస జీడి వ్యాపారుల కొట్లముందు గాని నలుగురు కూడినచో, ఏ కులమువారు ఎటు వేసిరి, ఏ పేటలో ఎవరికి ఎంత ఆధిక్యము వచ్చెను అను లెక్కలే వినబడును. ఆ లెక్కలు మనవారికి కంఠస్థములు. రైతునకు ఏమి దక్కెనన్న లెక్కను మాత్రము ఎవరును వ్రాసియుంచరు. జీడిపిక్కలు అమ్మిన రైతు తూకపుచీటీ దాచుకొనును. ఎరువు కొన్న రైతు రసీదు దాచుకొనును. ఓటు వేసిన రైతు వ్రేలిమీది సిరామరక తప్ప వేరొక రసీదు ఎరుగడు. ఆ మరకయు కొలది వారములలో మాసిపోవును.

మన సంఘ సభ్యులలో అన్ని పక్షములవారును కలరు. కావున ఎవరికి ఓటు వేయవలెనో చెప్పుట మా పని కాదు. మన ఓటు ఇంతవరకు ఏ దారిని నడచినది, ఆ దారిమధ్య ఎవరు నిలిచియున్నారు, వారిని తప్పించు ఉపాయము మన చేతిలో కలదా అను మూడు సంగతులను మాత్రము సభ్యుల యెదుట ఉంచుచున్నాము.

ముందుగా వెనుకటి చరిత్ర కొంత చెప్పవలెను. ఈ ప్రాంతము గంజాము జిల్లాలో చేరి మదరాసు రాజధానికి లోబడియున్న కాలమున టెక్కలి, మందస, జలంత్ర మొదలగునవి జమీందారీలు. శిస్తు కట్టువాడు రైతు. దాని లెక్క వ్రాయువాడు దివాణపు గుమాస్తా. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రమేర్పడినప్పుడు బరంపురము అటుపోయెను. ఇచ్ఛాపురము, సోంపేట, టెక్కలి ఇటు విశాఖపట్టణము జిల్లాలో నిలిచెను. మరుసటి సంవత్సరమే శాసనసభకు ఎన్నికలు వచ్చెను. ఆనాటి ఓటు పన్ను కట్టువారికి, ఆస్తి గలవారికి, చదువుకొన్నవారికి పరిమితము. జనులలో అధికభాగమునకు ఓటే లేదు. అయినను ఆ కొలదిమంది ఓటుతోనే 1937లో బొబ్బిలి స్థానమున రాజాగారు ఓడిపోయి, బరంపురమువాస్తవ్యులైన శ్రీ వి.వి. గిరిగారు గెలిచిరి. రాజాగారు అంతకుముందు మదరాసు ప్రభుత్వమునకు ప్రధానమంత్రిగా నుండినవారు. దివాణము మాటకు ఎదురు లేదనుకొన్న రైతులకు అది కన్నులు తెరిపించిన సంగతి.

అయితే ఓటు లేనివారి మాట ఏమి? 1940లో అఖిలభారత కిసాను సభ పలాసలో సమావేశమయ్యెను. ఆ సంవత్సరమే ఏప్రిలు 1వ తేదీన మందస జమీందారీలోని గుడారి రాజమణిపురమున, అడవికలప విషయమై దివాణమునకును రైతులకును వచ్చిన తగవులో, పోలీసులు కాల్పులు జరిపిరి. సాసుమాన గున్నమ్మయు, మరికొందరు రైతులును ప్రాణములు విడిచిరి. నాగలికఱ్ఱకై, ఇంటివాసమునకై అడవిలో చెట్టు కొట్టుకొను హక్కును అడిగిన ఆ గ్రామస్థులలో ఎందరికి ఆనాడు ఓటుండెను? ఓటు లేనివారు తమ ప్రాణమును పణముగా పెట్టి అడుగవలసివచ్చెను. 1948లో ఎస్టేటుల రద్దు శాసనము వచ్చెను. 1952 నాటి ఎన్నికలలో వయస్సు వచ్చిన ప్రతి స్త్రీపురుషునకును ఓటు దక్కెను. మన చేతిలోని ఓటుచీటీకి ఇంత వెల కట్టబడినదని యువకులు మరువరాదు.

అటుపిమ్మట మన తీరమున ఓటును కూడగట్టినవారిలో అగ్రగణ్యులు సర్దార్ గౌతు లచ్చన్నగారు. వారు 1909లో బారువలో జన్మించిరి. సోంపేటనుండి పలుమార్లు శాసనసభకు ఎన్నికైరి. 1954 నవంబరులో మద్యనిషేధ సమస్యపై వారు తెచ్చిన అవిశ్వాస తీర్మానము ఒక్క ఓటు ఆధిక్యముతో నెగ్గి, టంగుటూరి ప్రకాశముగారి మంత్రివర్గమునే పడగొట్టెను. కల్లుగీత వృత్తివారి కష్టము తీరమునుండి బయలుదేరి రాష్ట్ర ప్రభుత్వపు పీఠమువరకు పోయెననుటకు ఇది తార్కాణము. ఆచార్య రంగాగారితో కూడి వారు నడపిన కృషికార్ లోక్ పార్టీ, తరువాతి స్వతంత్ర పార్టీ ఇచ్చట పాదుకొన్నవి. అందువలననే గుంటూరు జిల్లావారైన రంగాగారు నాలుగవ లోక్‌సభలో మన శ్రీకాకుళమునకు ప్రతినిధులైరి. అదే కాలమున, అనగా 1967 తరువాత, కొండలలోని సవరల భూముల సమస్యతోను, షావుకార్ల అప్పుల సమస్యతోను చెలరేగిన సాయుధపోరాటము ఉద్దానమునకును వ్యాపించెను. బొడ్డపాడు యువకులు అందులో అసువులు బాసిరి. ఆ పోరాటమువారు ఎన్నికలనే త్రోసిపుచ్చిరి. ఒకే తాలూకాలో ఒకరు ఓటును నమ్మి నడచిరి, మరియొకరు ఓటుపై ఆశ వదలుకొనిరి. ఇరువురికిని మూలమైన బాధ భూమి, అప్పు, పంటవెల యనునవే.

1983లో తెలుగుదేశము పక్షము పుట్టిన తొమ్మిది నెలలకే అధికారమునకు వచ్చినప్పటినుండి మన ప్రాంతపు మొగ్గు చాలవరకు అటు నిలిచెను. ఇచ్ఛాపురము నియోజకవర్గమున, అనగా జలంత్రకోట, కంచిలి, సోంపేట, కవిటి ఇప్పుడు చేరియున్న స్థానమున, 1983 మొదలు 2024 వరకు పది సాధారణ ఎన్నికలు జరిగెను. 2004లో ఒక్కసారి కాంగ్రెసు గెలిచెను. మిగిలిన తొమ్మిదిమారులును ఆ పక్షమే గెలిచెను. 1994లో శ్రీ ఎన్.టి. రామారావుగారు హిందూపురముతోపాటు టెక్కలినుండియు గెలిచి, టెక్కలిని వదలుకొనిరి. లోక్‌సభ స్థానమునకు నిమ్మాడవాస్తవ్యులగు శ్రీ కింజరాపు ఎర్రన్నాయుడుగారు 1996 మొదలు నాలుగుమార్లు ఎన్నికైరి, 2009లో ఓడిరి, వారి కుమారులు శ్రీ రామమోహన్‌నాయుడుగారు 2014నుండి వరుసగా మూడుమార్లు గెలిచిరి. లచ్చన్నగారి కుమారులు శివాజీగారు సోంపేటనుండియు, పిదప పలాసనుండియు గెలిచిరి. మనుమరాలు శిరీషగారు 2019లో పలాసలో ఓడి, 2024లో గెలిచిరి. ఇట్లు ఓటు పక్షమునే గాక ఇంటిపేరును గూడ అనుసరించుచున్నదని స్పష్టము.

దీనిని చూచి పట్టణపు పండితులు కొందరు, "పల్లెటూరివారు కులమును, ఇంటిపేరును చూచి ఓటు వేయుదురు, వారికి విచారణ లేదు" అని తేల్చివేయుదురు. మేము దీనిని అంగీకరింపము. 2019 ఎన్నికలనే చూడుడు. ఉమ్మడి జిల్లాలోని పది శాసనసభ స్థానములలో ఎనిమిది వైయస్సార్ కాంగ్రెసు గెలిచెను. ఇచ్ఛాపురము, టెక్కలి మాత్రము తెలుగుదేశమునకు మిగిలెను. అదే దినమున, అవే కేంద్రములలో జరిగిన లోక్‌సభ ఎన్నికలో తెలుగుదేశపు అభ్యర్థి ఆరువేల పైచిలుకు ఓట్లతో గెలిచిరి. ఒక చేత ఒక గుర్తును, రెండవ చేత వేరొక గుర్తును నొక్కినవారు వేలకొలది యుండిననే గాని ఇది పొసగదు. పలాసలో ఆ యేడు మత్స్యకార కుటుంబమునుండి వచ్చిన వైద్యులు శ్రీ సీదిరి అప్పలరాజుగారు తొలిపోటీలోనే పేరుగాంచిన కుటుంబమును ఓడించిరి. ఐదేండ్లకు అవే గ్రామములు తీర్పు మార్చినవి. విచారణ లేనివారు ఇట్లు మార్చుదురా?

విచారణ కలదు. మరి కులమువెంట, పెద్దవెంట ఓటు పోవుటకు కారణమేమి? మాకు తోచినది ఇది. మన గ్రామమున రైతునకు ఆపద కలిగినప్పుడు కచేరీకి వెంటబెట్టుకొని పోవువాడెవడు? తుపాను పరిహారపు జాబితాలో పేరు తప్పినచో ఎవరిని ఆశ్రయించును? మూత్రపిండముల వ్యాధితో మంచమెక్కిన తండ్రికి రక్తశుద్ధి చేయించుటకు వంతు ఎవరు చెప్పి యిప్పింతురు? పాసుపుస్తకములో విస్తీర్ణము తప్పు పడినచో ఎవరు దిద్దింతురు? తన కులములో నలుగురిని ఎరిగిన పెద్దయో, పక్షపు కార్యకర్తయో పూనుకొననిదే పని కాదని రైతు అనుభవముచే నేర్చుకొనెను. ఐదేండ్లలో రెండుమారులు అట్టి సాయము పొందినవాడు, ఎన్నికలనాడు ఓటుతో ఆ ఋణము తీర్చుకొనును. ఇది మూఢత్వము కాదు, బాకీ తీర్చుట. హైదరాబాదులోను, చెన్నైలోను కూలికిపోయిన ఉద్దానపు బిడ్డలు పోలింగునాడు రైలెక్కి వచ్చి, ఛార్జీలు ఇచ్చినవారి గుర్తుకే వేయుటయు చాలవరకు ఇట్టి బాకీ వ్యవహారమే.

సభ్యులు ఇచ్చట ఒక్క క్షణము నిలిచి ఆలోచింపవలెను. ఇట్టి వ్యవహారము మనకు క్రొత్త కాదు. వెనుక షావుకారు చేసినది ఇదే. విత్తనములకు, పెండ్లికి, జబ్బునకు ఆదుకొన్నవాడు ఆయనే. కావున పంట కళ్ళమునుండి ఆయన గాదెకే పోయెడిది. ధర ఆయన చెప్పినదే. రైతు తెలివితక్కువవాడై పంటను అచ్చటికి తోలలేదు. వేరొక దిక్కు లేక తోలెను. పరపతి సంఘము పుట్టి ఆ దిక్కు చూపిననాడు, షావుకారును ఒక్క మాట తూలకయే ఆయన గాదెనుండి తప్పుకొనెను. నేటి ఓటునకును అట్టి షావుకార్లు ఏర్పడియున్నారు. వారిని నిందించుట వలన లాభము లేదు. వారు చేయు పనిని సంఘమే చేయగలిగినచో వారి అవసరము తానే తగ్గును.

ఓటు ఎంత బలమైనదైనను దానికి నోరు లేదని గూడ గ్రహింపవలెను. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు తీరమును తాకి, ఉద్దానపు కొబ్బరిని, జీడిని నేలమట్టము చేసెను. ఆరునెలలకు వచ్చిన ఎన్నికలలో ఒకే తుపానుకు గురియై, ఒకే ప్రభుత్వపు సాయము పొందిన పలాస ఒక తీర్పునిచ్చెను, ఇచ్ఛాపురము మరియొక తీర్పునిచ్చెను. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండముల వ్యాధుల ఆసుపత్రిని, పరిశోధనకేంద్రమును, హిరమండలమునుండి ఉద్దానమునకు త్రాగునీరు తెచ్చు పథకమును నాటి ప్రభుత్వము ప్రారంభించెను. అయిదు నెలలకు ఆ ప్రభుత్వపు పక్షము జిల్లాలోని ఎనిమిది స్థానములను కోల్పోయెను. ఆసుపత్రి వలదని ఉద్దానపు ప్రజలు చెప్పిరా? చెప్పలేదు. మరి ఏమి చెప్పిరి? గెలిచినవారు ఒక అర్థము చెప్పుకొనిరి, ఓడినవారు మరియొక అర్థము. ఓటు వేసిన రైతును అడిగినవారు లేరు.

మహేంద్రతనయ నదిపై తలపెట్టిన ఆఫ్‌షోర్ జలాశయమును తీసికొనుడు. 2008లో దానికి శంకుస్థాపన జరిగెను. 2009, 2014, 2019, 2024 సంవత్సరములలో నాలుగు ఎన్నికలు గడచెను. నాల్గవదానినాటికిని అది పూర్తికాలేదు. ఈ నడుమ కాంగ్రెసు, తెలుగుదేశము, వైయస్సార్ కాంగ్రెసు మూడును పాలించినవి. పక్షము మారినచో పని జరుగునను వాదమునకు గాని, మారకున్నచో జరుగునను వాదమునకు గాని ఇచ్చట ఆధారము లేదు. నీటిని అడుగు రైతు గొంతు ఎన్నికకును ఎన్నికకును నడుమ ఎవరికిని వినబడలేదనుటయే సత్యము.

ఆ గొంతు వినబడిన సందర్భమును గూడ చెప్పెదము. సోంపేట బీలలో విద్యుత్కేంద్రము కట్టుటకు ప్రయత్నము జరిగినప్పుడు, ఆ తడినేలలపై బ్రతుకు రైతులు, మత్స్యకారులు పక్షభేదము లేక ఎదురు నిలిచిరి. 2010 జూలై 14వ తేదీన పోలీసుకాల్పులలో ఇరువురు మరణించిరి. మరుసటి సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీన కాకరాపల్లిలోను కాల్పులలో ప్రాణములు పోయెను. సోంపేట బీలలో ఆ విద్యుత్కేంద్రము కట్టబడలేదు. ఇచ్చట కాళింగులు, రెడ్డికలు, మత్స్యకారులు, ఒడియా మాటలాడువారు అందరును ఒక్కటిగా నిలిచిరి. ఎవరి ఓటు ఎవరిదైనను నీరు అందరిదే యని నిలిచిరి. అయినను ఇట్టి ఐకమత్యము తుపాకి యెదుట మాత్రమే కలుగవలెనా? ప్రతి సంవత్సరము చల్లని చెట్టునీడలో కూర్చుండి కలుగరాదా? ఇట్టి కూటమికి మనకొక స్థానము ఎప్పుడో ఏర్పడియున్నది. అదియే సంఘము.

సంఘపు ఓటు మహిమను మనమే మరచితిమి. 1904 నాటి సహకార శాసనము మొదలుకొని గ్రామ పరపతి సంఘములలో సభ్యునకు ఒక్కటే ఓటు. పది యెకరముల ఆసామికి ఎంతయో, పది సెంట్ల కొబ్బరితోట వానికిని అంతే. వాటాధనము హెచ్చైనను ఓటు హెచ్చదు. మదరాసు శాసనసభకు పన్ను కట్టువారే ఓటరులైన దినములలో గ్రామ సంఘమున సామాన్య సభ్యునకు సమానమైన ఓటుండెను. 1952లో దేశమునకు వచ్చిన సమానత్వము అర్ధశతాబ్దికి ముందే మన సంఘపు అరుగుమీద మొలకెత్తెను. అట్టి ఓటు ఇటీవల ఏమయ్యెను? మన రాష్ట్రమున ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములకు 2013లో ఎన్నికలు జరిగెను. ఆ పాలకవర్గముల గడువు 2018లో తీరెను. అటుతరువాత సంవత్సరములకొలది ఎన్నికలు వాయిదాపడి, ప్రభుత్వము నియమించిన ఇన్‌చార్జి సంఘములే నడపెను. ఏ పక్షము అధికారమునకు వచ్చినను ఆ పక్షమునకు అనుకూలురే ఆ కుర్చీలలో కూర్చుండుట రాష్ట్రమంతటను చూచినదే. శాసనసభ ఓటును ఐదేండ్లకొకమారు తప్పక అడుగువారు, సంఘపు ఓటును మాత్రము అడుగకయే గడపిరి.

1997లో గాని, 1904లో గాని లేని బలము రాజ్యాంగమునుండియు మనకు కలిగెను. 2012లో అమలునకు వచ్చిన 97వ రాజ్యాంగ సవరణవలన సహకార సంఘము స్థాపించుకొనుట ప్రాథమిక హక్కులలో చేరెను. పాలకవర్గమునకు ఐదేండ్ల గడువును, సకాలమున ఎన్నికలును విధించిన భాగము, రాష్ట్రముల సమ్మతి పొందలేదను కారణమున, రాష్ట్రములలోని సంఘములకు చెల్లదని 2021 జూలైలో సుప్రీంకోర్టు తీర్పుచెప్పెను. కనుక సకాలమున ఎన్నికలు జరుగుట రాష్ట్ర ప్రభుత్వపు బుద్ధిమీదను, సభ్యుల పట్టుదలమీదను ఆధారపడియున్నది. సభ్యుడు అడుగనిచో ఎవరును ఇయ్యరు.

"సంఘమునకు ఎన్నికలు పెట్టినచో గ్రామమున కక్షలు పెరుగును, రాజకీయములు సంఘములో దూరును" అని కొందరు పెద్దలు భయపడుదురు. ఈ భయము నిరాధారము కాదు. సంఘపు ఎన్నికలలో పక్షములు డబ్బు వెదజల్లిన సందర్భములు కలవు. కాని నియామకమువలన రాజకీయము సంఘమునుండి పోయెనా? పోలేదు, పైనుండి వచ్చి కూర్చుండెను. ఎన్నికైన అధ్యక్షుడు ఎంత పక్షపాతియైనను మరల మన వాకిటికి రావలెను. నియమితుడైనవాడు తనను నియమించినవారి వాకిటికే పోవును. ఈ భేదమొక్కటి చాలును.

కావున సభ్యులకు మేము నాలుగు సంగతులు విన్నవించుచున్నాము.

మొదటిది: మహాజనసభను సకాలమున జరుపుమని వ్రాతమూలకముగా కోరుడు. సభకు పోయినవారు జమాఖర్చులు చదివించి వినుడు. సంతకము చేసి వెడలిపోవుట సభ కాదు.

రెండవది: సభ్యత్వమును విరివిచేయుడు. తోటలో కాయ ఏరునదియు, జీడిపిక్క ఒలుచునదియు ఆడువారు. సభ్యుల పట్టికలో వారి పేర్లు ఎన్ని కలవో చూచుకొనుడు. కౌలుదార్లకు 2019 శాసనము ప్రకారము సాగుదారు హక్కుపత్రము పొందు వీలు కలదు. అట్టివారిని చేర్చుకొనుటకు వెనుదీయకుడు.

మూడవది: ఎన్నికలు సమీపించినప్పుడు సంఘపు సభలో ఐదు ప్రశ్నలకు మించకుండ ఒక కాగితము సిద్ధముచేయుడు. ఎనుబది కిలోల జీడిబస్తాకు న్యాయమైన ధర, ఆఫ్‌షోర్ జలాశయపు నీరు, త్రాగునీటి పథకము ఏ గ్రామమునకు ఎప్పుడు అందును, పంటరుణము ఏ నెలలో చేతికి వచ్చును, సంఘపు ఎన్నికలు ఎప్పుడు: ఇట్టివి. అన్ని పక్షముల అభ్యర్థులకును ఒకే కాగితమును ఇయ్యుడు. వారి సమాధానములను సంఘపు గోడమీద అంటింపుడు. ఎవరికి వేయవలెనో సంఘము చెప్పరాదు; ఓటు రహస్యము, అది సభ్యుని సొత్తు.

నాల్గవది: ఆ కాగితమును పారవేయక దాచుడు. ప్రతి మహాజనసభలోను దానిని చదివి, జరిగినదానికి ఎదుట జరిగినదని, జరుగనిదానికి ఎదుట జరుగలేదని వ్రాయుడు. అదియే మన ఓటునకు రసీదు.

దీనివలన కులము రేపే మాయమగునని గాని, పెద్దయిండ్ల పలుకుబడి తొలగునని గాని మేము చెప్పము. షావుకారును సంఘము ఒక్కనాట తప్పింపలేదు. ఒక్కొక్క సభ్యుడు తన ఒక్క బస్తాను సంఘపు కాటాకు తెచ్చుటతో అది మొదలయ్యెను. ఓటు విషయమునను అట్లే. గున్నమ్మ ఊరివారు అడిగినది నాగలికఱ్ఱ. మన కాలపు నాగలికఱ్ఱ సంఘము. అది ఎవరి నియామకమువలననో నడచునంతవరకు మన పొలమును ఇతరులే దున్నుచుందురు. వచ్చు మహాజనసభనాడు ప్రతి సభ్యుడును, ప్రతి సభ్యురాలును తప్పక వచ్చి, తమ స్థానమున కూర్చుండి, తమ ప్రశ్న తాము అడుగుదురుగాక.